అమ్మ చెవిన వేశావా

చెవిలో వేసే మందు చల్లగా ఉండకూడదని మా చెల్లి చెప్పేది. చల్లటి చుక్క లోపలికి పోతే కళ్లు తిరుగుతాయి, లేచిన మనిషి గోడ పట్టుకోవాల్సి వస్తుంది. అందుకని సీసాను కాసేపు గుప్పిట్లో పట్టుకుని, ఒంటి వేడికి వచ్చాక వేయాలి. "మందైనా మాటైనా అంతే" అనేది.

ఆసుపత్రి కింది అంతస్తులో, మందులిచ్చే కిటికీ వెనక, మందులు కలిపే గది ఉంది. చెల్లి ఉద్యోగం అక్కడ. దుకాణంలో దొరకనివీ, దొరికినా మోతాదు కుదరనివీ ఆ గదిలో చేతితో తయారుచేస్తారు. చంటిపిల్లలకు పలచన చేసిన మందులు, ఒంటికి రాసే లేపనాలు, చెవి చుక్కలు. చుక్కల పని ఎక్కువగా దానికే వచ్చేది. నర్సులు దానికి చుక్కమ్మ అని పేరు పెట్టారు. "పెళ్లిపీటల మీంచి చుక్కను చూడకపోయినా నన్నే చుక్కను చేశారక్కా" అని నవ్వేది.

నేను వేరే ఊళ్లో టీచర్ని, పిల్లలకు భాష చెబుతాను. నాన్న పోయాక అమ్మ చెల్లి దగ్గరే ఉంది. అన్నయ్య వాళ్లకు రెండు వీధుల అవతల ఉంటాడు. అద్దె ఇళ్లు చూపించే బ్రోకరు. అబద్ధం ఆడడు. కప్పు కారుతుందా అని ఎవరైనా అడిగితే, గాలీ వెలుతురూ బాగా వస్తాయండీ అంటాడు. అవి నిజంగానే వస్తాయి. కష్టమైన పని ఏదైనా రేపటికి తోస్తాడు కనక, చెల్లీ నేనూ చాటున ఆయన్ని "రేపు" అని పిలుచుకునేవాళ్లం. "రేపు ఇవాళ వస్తున్నాడు" అంటే అన్నయ్య భోజనానికి వస్తున్నాడని.

అమ్మకు చెవుడు. వయసుతో వచ్చింది కొంత, చెవుల్లో గుబిలి గట్టిపడిపోవడం వల్ల కొంత. ఆమెతో ఏం చెప్పాలన్నా అరవాలి. గడియ పెట్టావా అని అరిస్తే, గడియారమా, అది ఆగిపోయి వారమైంది అంటుంది. అరిచి అరిచి అలిసిపోయి, ముఖ్యమైనవి మాత్రమే చెప్పడం నేర్చుకున్నాం. మిగతావి ఆమె ముందే మేం మాట్లాడుకునేవాళ్లం. ఆమె జబ్బుల గురించి, ఆమె మొండితనం గురించి, ఆమె గదిలో ఉండగానే. మావైపు వీపు తిరిగి ఉంటే చాలు, ఆమె ఇంట్లో లేనట్టే.

చెల్లికి క్యాన్సరని తెలిసినప్పుడు అది నాకు ఫోన్ చేసి రెండు ముక్కల్లో చెప్పింది. కడుపులో మొదలై కాలేయానికి పాకిందట. తనతో రోజూ మాట్లాడే డాక్టర్లే కనక దాచకుండా చెప్పేశారు. బడికి సెలవు పెట్టి వెళ్లాను. అన్నయ్యకూ తెలుసు. అమ్మకు మాత్రం కడుపులో పుండు అని చెప్పారు. అమ్మ దాన్ని తిట్టింది. వేళకు తినవు, ఒకళ్ల మాట వినవు, నేను పోతే నిన్నెవరు చూస్తారే, అని. ఈ చివరి మాట ఇరవై ఏళ్లుగా మా ఇంట్లో ఉంది. పెళ్లి సంబంధం తప్పిపోయినప్పుడు అన్నది, జ్వరం వచ్చినప్పుడు అన్నది, గొడుగు మరిచిపోయి తడిసొస్తే అన్నది.

"ఆ బెంగ తీర్చేస్తున్నానని అమ్మకు చెప్పాలక్కా" అంది చెల్లి. "ఇంకెవరూ చెప్పకూడదు. నేనే చెప్పాలి. చెప్పాక ఏమంటుందో నేను వినాలి."

దానికి మిగిలిన కోరిక అదొక్కటే. మిగతావాటి గురించి అది మాట్లాడలేదు.

అయితే చెప్పు, అన్నాను.

"ఎలా చెప్పను? అరిచా? మన ఇంట్లో గోడలకు చెవులున్నాయి, అమ్మకే లేవు. అమ్మా, నేను చచ్చిపోతున్నాను అని అరిస్తే పక్కింటావిడ ముందు పరిగెత్తుకొస్తుంది. అమ్మేమో, వచ్చిపోతున్నావా, మళ్లీ ఎప్పుడొస్తావు అంటుంది."

ఇద్దరం నవ్వాం. అమ్మ మంచం మీద కూర్చుని మావైపు చూసి, ఏమిటో తెలియకుండానే తనూ నవ్వింది.

కాగితం మీద రాసి చూపించమన్నాను. టీచర్ని కనక నాకు అదే తోచింది. చెల్లి తల అడ్డంగా ఊపింది. అమ్మ కళ్లజోడు పెట్టుకుని, వేలు పెట్టి, కూడబలుక్కుని చదువుతుంది. ఆ మాటను ఆమె ఒక్కో అక్షరమే కూడబలుక్కుంటుంటే ఎదురుగా కూర్చోవడం తన వల్ల కాదంది. కూర్చునే ఓపిక ఉన్న రోజుల్లోనే, చెవి దగ్గర, మెల్లగా చెప్పాలి. దానికి ముందు ఆ చెవి తెరుచుకోవాలి.

చెవుల డాక్టరు అమ్మను చూశాడు. కర్ణభేరికి చిల్లు లేదు, గుబిలి మాత్రం రాయిలా ఉంది, కొన్నాళ్లు చుక్కలు వేసి మెత్తబరిస్తే నీళ్లతో కడిగేస్తానన్నాడు. చుక్కలు దుకాణంలో కొనుక్కోమన్నాడు. చెల్లి ఒప్పుకోలేదు. ఊళ్లోవాళ్లందరి చెవులకూ చేసి పెట్టి, అమ్మకు కొనుక్కొచ్చింది వేయనా, అంది.

అది ఆ చుక్కలు కలిపిన రోజు నేను ఆ గదిలోకి వెళ్లాను. స్టీలు బల్ల, గాజు పెట్టెలో త్రాసు, గోడవారన గోధుమరంగు సీసాలు. మరగబెట్టి చల్లార్చిన నీళ్లు మూతపెట్టి ఉన్నాయి. చెల్లి సోడాను కాగితం మీద తూచింది. వంటింట్లో వాడే సోడాయే, మందుకోసం శుద్ధి చేసింది. గాజు పాత్రలో నీళ్లు పోసి, సోడా వేసి, గాజుపుల్లతో తిప్పడం మొదలుపెట్టింది. అది కరగడానికి చాలాసేపు పట్టింది. నిలబడలేక చెల్లి స్టూలు మీద కూర్చుంది.

"నీళ్లు కాస్త వేడి చేస్తే తొందరగా కరుగుతుంది కదా" అన్నాను.

"కరుగుతుంది. వేడికి సోడా స్వభావం మారిపోతుంది. చూస్తే తేడా తెలియదు, చెవిలో పడ్డాక మంట తెలుస్తుంది. ఇందులో తొందర పనికిరాదు." పుల్ల తిప్పుతూనే, "తొందర ఉన్నది నాకేలే, మందుకేం" అంది.

తరవాత గ్లిసరిన్ కొలిచి పోసింది. గ్లిసరిన్ ఒక పట్టాన కొలపాత్రను వదలదు, గోడకు అంటుకుని మిగిలిపోతుంది. మిగిలినదాన్ని నీళ్లతో కడిగి, ఆ నీళ్లు కూడా మందులోనే పోసింది. కొలిచినంతా లోపలికి చేరితేనే కొలిచినట్టు, అంది. చివరికి గీత వరకూ నీళ్లు నింపి, కలిపి, వెలుతురుకు ఎత్తి చూసింది. ఒక్క నలుసు లేదు. సీసాలో పోసి, డ్రాపరు మూత బిగించి, చీటీ అంటించింది. చెవిలో వేయుటకు మాత్రమే. రోజుకు రెండు పూటలు. ఎక్కువ రోజులు నిలవ ఉండదు.

ఇంటికి వచ్చాక అమ్మను పక్కకు తిరిగి పడుకోమన్నాం. చెల్లి సీసాను గుప్పిట్లో పట్టుకుని కూర్చుంది. కాసేపటికి నా చేతికిచ్చి, "నా చేతులు వేడెక్కడం లేదు, నువ్వు పట్టుకో" అంది.

చుక్కలు మాత్రం అదే వేసింది. చెవి డొప్పను పైకీ వెనక్కీ లాగి, ఒక్కొక్కటే. అమ్మ కళ్లు మూసుకుని కదలకుండా పడుకుంది. చెవిలో బుసబుసమంటోందట, పాము దూరినట్టుందట. లేచాక మెడ మీదికి జారినదాన్ని తువ్వాలుతో తుడుచుకుని, ఈ వయసులో నాకు చెవులెందుకే, వినడానికి ఏం మిగిలిందని, అంది.

చెల్లి డ్రాపరు మూత బిగించింది.

మూడు పూటలు అది వేసింది. ఆ తరవాత కడుపులో నీరు చేరి, నొప్పి ఎక్కువై, తను పనిచేసే ఆసుపత్రిలోనే పై అంతస్తులో మంచం ఎక్కింది. దానికి తోడు నేనున్నాను. అమ్మకు తోడుగా అన్నయ్య వచ్చి ఇంట్లో పడుకున్నాడు. వెళ్లేముందు చెల్లి సీసాను అన్నయ్య చేతిలో పెట్టి, రెండు పూటలా వేయాలని, మధ్యలో ఆపకూడదని, గుప్పిట్లో వెచ్చచేయాలని చెప్పింది. అన్నయ్య శ్రద్ధగా విన్నాడు.

మంచం ఎక్కాక దాని గొంతు రోజురోజుకూ తగ్గిపోయింది. నాలుగు మాటలకు ఆయాసం. తను చెప్పలేనని దానికి అర్థమైంది. అమ్మకు అన్నయ్యే చెప్పాలని, చెవులు కడిగించాక, పక్కన కూర్చుని, మెల్లగా చెప్పాలని నాతో ఫోన్ చేయించింది. చెప్పేది అన్నయ్యైనా, ఆ తరవాత అమ్మ వచ్చి ఏమంటుందో తను వినవచ్చు.  అన్నయ్య, సరేలే, చెవులు కడిగించనీ, రేపు చూద్దాం, అన్నాడు.

చెవులు కడిగించాడు. ఆ మర్నాడు సాయంత్రం ఒక్కడే ఆసుపత్రికి వచ్చాడు. మంచం దగ్గర నిలబడి, కిటికీలోంచి కింద వాహనాలు నిలిపే చోటు చూస్తున్నాడు. చెల్లి కళ్లు తెరిచి అడిగింది.

"అన్నయ్యా, అమ్మ చెవిన వేశావా?"

"వేశానమ్మా."

"ఏమంది?"

అన్నయ్య కిటికీవైపు నుంచి తిరగలేదు. "ఏమంటుంది? ఏమీ అనలేదు. అటు తిరిగి కళ్లు మూసుకుని పడుకుంది. కాసేపటికి లేచి తుడుచుకుంది."

చెల్లి తలగడలోకి తల వాల్చింది. మొహంలో ఏదో సడలింది. ఎన్నాళ్లనుంచో మోస్తున్న బిందె ఎవరో అందుకున్నట్టు. "అమ్మ అంతే. నలుగురిలో ఏడవదు" అంది నాతో. అమ్మను రేపు తీసుకురమ్మని అన్నయ్యకు చెప్పింది. అన్నయ్య ఆ "రేపు"ను మాత్రం తప్పలేదు.

అమ్మ వచ్చేముందు చెల్లి నాచేత జుట్టు దువ్వించుకుంది. మంచం తలవైపు ఎత్తించింది. కుర్చీ ఎడమవైపు వేయమంది, అమ్మకు కుడి చెవి కాస్త మెరుగు కనక. అది ఎవరికోసమైనా అంతగా తయారవడం నేను చూడలేదు.

అమ్మ నవ్వుతూ వచ్చింది. లిఫ్టు ఆగినప్పుడు టింగుమంటుందట, మాకు తెలుసా? నర్సు చెప్పులు కిర్రుమంటున్నాయి, ఆ పిల్లను వేరేవి కొనుక్కోమని చెప్పమంది. చెల్లి పెదవులు కదిలీ కదలకుండా "అమ్మా" అంది. అమ్మ చటుక్కున తిరిగింది. "వినబడిందే! నీ చుక్కలు మంచివే" అంది. చెల్లి చేయి పట్టుకుని కూర్చుంది.

చెల్లి ఎదురుచూసింది. నేను గోడవైపు జరిగి నిలబడ్డాను.

అమ్మ మా వంటింటి కుళాయి గురించి చెప్పింది. రాత్రీ పగలూ చుక్కచుక్కగా కారుతూనే ఉందట, ఎన్నాళ్లనుంచి కారుతోందో, ఒక్కరైనా తనతో చెప్పారా? పక్కింటావిడ మొగుణ్ణి ఏ మాటలు తిడుతుందో ఇప్పుడు గోడలోంచి వినబడుతున్నాయని, తనకే సిగ్గేసిందని చెప్పింది. ఆ తిట్లలో ఒకటి గొంతు తగ్గించి చెప్పి, తనే నవ్వింది. చెల్లి ఆమె మొహాన్నే చూస్తోంది. చూడవచ్చినవాళ్లు వెళ్లాలని గంట మోగింది. అమ్మ లేచి, దుప్పటి సరిచేసి, దాని చెంప మీద చేయి వేసి, "చూడు ఎలా చిక్కిపోయావో. నేను పోతే నిన్నెవరు చూస్తారే?" అంది.

చెల్లి మొహం గోడవైపు తిప్పుకుంది.

అమ్మ వెళ్లిపోయింది. మందు ఎక్కించే నర్సు వచ్చి వెళ్లింది. అప్పుడు చెల్లి అంది.

"అమ్మ నన్ను చూడ్డానికి రాలేదక్కా. తన చెవులు నాకు చూపించుకోవడానికి వచ్చింది."

తట్టుకోలేక పైకి అలా మాట్లాడి ఉంటుందని అన్నాను. నేనూ అలాగే అనుకున్నాను.

"తట్టుకోలేనివాళ్లు నవ్వరు" అంది.

మళ్లీ తీసుకురమ్మంటావా అని మరో రోజు అడిగాను. వద్దులే, విన్నది చాలు, అంది. ఆ తరవాత అమ్మ గురించి ఒక్క మాట మాట్లాడలేదు. నొప్పికి మందు పెంచారు, ఎక్కువగా నిద్రలోనే ఉండేది. ఇంటి దగ్గర అమ్మ వస్తానంటే, అది నిద్రలో ఉందని అన్నయ్య చెప్పేవాడట. అదీ నిజమే. ఒక మధ్యాహ్నం, నేను గ్లాసులో నీళ్లు పట్టుకుని వెనక్కి వచ్చేసరికి, అది లేదు.

జరగవలసినవన్నీ జరిగాయి. వచ్చినవాళ్లు వెళ్లిపోయారు. ఇంట్లో అమ్మ, అన్నయ్య, నేను మిగిలాం. అమ్మ చెల్లి బీరువా తెరిచి, బట్టలు తీసి మడతలు విప్పి మళ్లీ మడత పెడుతోంది. ఆసుపత్రి తెల్లకోట్లు ఒకవైపు, మిగతావి ఒకవైపు. మధ్యలో నావైపు తిరిగి అడిగింది.

"కడుపులో పుండుకు మనిషి పోతుందా? చదువుకున్నదానివి, నువ్వు చెప్పు. ఇంత ముదిరిందని ఆ డాక్టర్లలో ఒక్కడికీ తెలియలేదా? తెలిస్తే నాతో ఒక మాట అనరా?"

ముందు నాకు అర్థం కాలేదు. అర్థమయ్యాక అన్నయ్య కోసం చూశాను. అమ్మ నా జవాబు కోసం ఆగలేదు, మళ్లీ బీరువావైపు తిరిగింది. అన్నయ్య బల్ల దగ్గర ఉన్నాడు. వెళ్లి ఎదురుగా కూర్చున్నాను.

"అమ్మ చెవిన వేశానన్నావు."

"వేశాను కదా. రెండు పూటలా వేశాను. కడిగాక కూడా ఆపలేదు. మధ్యలో ఆపకూడదని అదే చెప్పింది."

"చుక్కలా?"

"అది నా చేతికిచ్చింది చుక్కలే."

"నేను ఫోన్ చేసి చెప్పాను. పక్కన కూర్చుని మెల్లగా చెప్పమన్నాను."

"చెబుదామనే అనుకున్నాను. రేపు, రేపు అనుకున్నాను. అమ్మ వంటింట్లో కుళాయి చప్పుడు వింటూ కూర్చునేది, తెలుసా? చిన్నపిల్లలా. చెవులొచ్చిన మనిషికి మొట్టమొదట ఆ మాట వినిపించమంటావా?"

"ఏమందని అడిగితే, తుడుచుకుందన్నావు."

"తుడుచుకుంది. చెవి. గ్లిసరిన్ మెడ మీదికి కారింది." అన్నయ్య బల్ల మీద ఏమీ లేని చోట చేత్తో తుడిచాడు. "అది చుక్కల గురించే అడిగిందనుకున్నాను. దానికి చుక్కల ధ్యాసే కదా ఎప్పుడూ."

పాతికేళ్లుగా పిల్లలకు ఒక మాటకు ఎన్ని అర్థాలో చెబుతున్నాను. అన్నయ్య ఏ అర్థంలో విని, ఏ అర్థంలో జవాబిచ్చాడో ఆయన మొహం చూస్తే నాకు తెలియలేదు. ఆయనకూ తెలియకపోవచ్చు. కప్పు సంగతి అడిగినవాళ్లకు గాలి సంగతి చెప్పడం ఆయనకు అబద్ధం కాదు, వృత్తి.

నాకు కోపం వచ్చింది. కోపంలో కూడా గొంతు పెంచలేదు. మామూలుగా, మేం ఇన్నేళ్లూ మాట్లాడుకున్నట్టే మాట్లాడాను.

"అమ్మకు అన్నీ తెలుసనుకుంది అది. ఆ రోజు జుట్టు దువ్వించుకుని కూర్చుంది, అమ్మ ఏమంటుందో విందామని. అమ్మ కుళాయి గురించి చెప్పి వెళ్లిపోయింది. కూతురు పోతోందని తెలిసీ నవ్వుతూ కబుర్లు చెప్పిందనుకుంది. తన చెవులు చూపించుకోవడానికి వచ్చిందని నాతో అంది. మళ్లీ అమ్మను పిలవనివ్వలేదు. విన్నది చాలంది. అలా అనుకునే పోయింది, అన్నయ్యా. క్యాన్సర్ కన్నా దానికి అదే..."

అన్నయ్య నన్ను చూడటం లేదు. నా భుజం మీదుగా చూస్తున్నాడు.

బీరువా దగ్గర బట్టల చప్పుడు ఆగిపోయి ఉంది. ఎప్పటినుంచి ఆగిపోయిందో నేను గమనించలేదు. అమ్మ మావైపు వీపు తిరిగే ఉంది. రెండు చేతులూ ఒక తెల్లకోటు మీద ఉన్నాయి. వంటింట్లో కుళాయి కారుతోంది. అమ్మ వెనక్కి తిరగకుండానే అంది.

"మెల్లగా మాట్లాడుకోండి. నాకు వినబడుతోంది."

అన్నయ్య లేచి చెప్పులు వేసుకుని, రేపు వస్తానని ఎవరికని లేకుండా చెప్పి వెళ్లిపోయాడు. అమ్మ మడత పూర్తి చేసింది. కోటును మిగతావాటి మీద పెట్టింది. బీరువా తలుపు వేసి, వచ్చి చెల్లి మంచం మీద కూర్చుంది. లేవబోయి గోడ పట్టుకుని ఆగింది, మళ్లీ కూర్చుంది. కళ్లు తిరుగుతున్నాయా అని అడిగాను. వినబడనట్టు ఊరుకుంది.

తరవాత పక్కకు తిరిగి, ఒక చెవి పైకి పెట్టి, కళ్లు మూసుకుని పడుకుంది. చుక్కలు వేయించుకునేటప్పుడు అలాగే పడుకునేది. నేను వెళ్లి పక్కన కూర్చున్నాను. ఆమెకు చెప్పాల్సిన మాట ఒకటి ఉండాలి. అది దొరికేదాకా కూర్చుందామనుకున్నాను.